యంత్రములోని యంత్రమునకు డిస్కు అందించుట

చిత్తూరులో గాని, తిరుపతిలో గాని, మదనపల్లెలో గాని కొంచెము పాతబడిన ముద్రణాలయమునకు పోయి చూచినచో, బీరువా అడుగు అరలో దుమ్ము పట్టిన ప్లాస్టిక్ డబ్బాలు కనబడును. వానిలో వరుసగా పేర్చిన కాంపాక్టు డిస్కులుండును. ఒకదానిపై పెండ్లిపత్రికలనియు, ఒకదానిపై జాతర కరపత్రములనియు, ఒకదానిపై ఏదో శతకము పేరును సిరాతో వ్రాసియుండును. సీసపు అక్షరములు పోయి కంప్యూటరు కూర్పు వచ్చిన పిమ్మట, ముఖ్యముగా 2000 సంవత్సర ప్రాంతము నుండి, ఊళ్లలో అచ్చయినదియు, అచ్చు కావలసి ఆగిపోయినదియు చాలవరకు ఈ బిళ్లలపైననే దాచబడినది. కాగితపు ప్రతులు కొన్ని చెల్లిపోయినవి, కొన్నిటిని చెదలు తినినవి. బిళ్లలు మాత్రము మెరయుచునే యున్నవి. అయినను వానిని చదువగలవారు నానాటికి అరుదగుచున్నారు.

తిరుమల ఆలయములో హుండీ సమీపమున సంకీర్తన భాండాగారమను చిన్న రాతి గది కలదు. అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దముల తరబడి అందే యుండి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వానిని పరిష్కరించి లోకమున కందించిరి. రేకు చేతికి దొరికిన చాలును. నాటి లిపి నెరిగిన కన్ను దానిని చదువును. డిస్కు సంగతి అట్లు కాదు. 2004లో వ్రాసిన డిస్కును చేత బట్టుకొని ఎంతసేపు చూచినను అందు మన ముఖమే కనబడును.

దానిని చదువవలెనన్న మూడు వస్తువులు కావలెను. బిళ్లను త్రిప్పి లేసరు కిరణముతో పరికించు డ్రైవు ఒకటి. అందలి ఫైలును తెరువగల సాఫ్టువేరు ఒకటి. ఆ సాఫ్టువేరు కాలు నిలుపగల నాటి ఆపరేటింగు సిస్టము ఒకటి. నేటి లాప్‌టాపులలో పెక్కింటికి డిస్కు డ్రైవే లేదు. కావున యు.ఎస్.బి. తీగతో తగిలించు బయటి డ్రైవును కొనుచున్నాము. పాత సిస్టమును నేటి యంత్రముపై నేరుగా నిలుపుట కష్టము. కావున దానిని యంత్రములో యంత్రముగా, అనగా వర్చువల్ మెషిన్‌గా, నడుపుచున్నాము. ఈ రెండును విడివిడిగా సులభసాధ్యములే. రెండును కలియవలసిన చోటనే చిక్కు. డ్రైవు బయట నున్నది, పాత సిస్టము లోపల నున్నది, నడుమ గోడ యున్నది. ఆ గోడకు ద్వారము పెట్టు విధమును గురించియే నేటి ప్రసంగము.

వర్చువల్ మెషిన్‌ను తెలుగున కల్పిత యంత్రమనవచ్చును. ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. 1960 దశకముననే అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారు ఒక పెద్ద కంప్యూటరును పలువురకు వేరు వేరు కంప్యూటరులుగా తోచునట్లు చేసిరి, 1972లో వి.ఎం./370 అను పేర ఆ పద్ధతిని వెలువరించిరి. బల్లపై నుండు కంప్యూటరులకు ఈ విద్య 1999లో వి.ఎం.వేర్ వారి వర్క్‌స్టేషన్‌తో వచ్చినది. 2007లో వెలువడిన వర్చువల్‌బాక్సు రుసుము లేకయే లభించుటచే చిన్న ఊళ్లకు సైతము చేరినది.

దీని కీలకమును మన జిల్లావారికి చెప్పుట కష్టము కాదు. ద్రౌపదీ ధర్మరాజుల ఆలయముల ముందు వేసవిలో జరుగు భారత మహోత్సవములను చూడనివారు మనలో అరుదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. మీసము గల మనుష్యుడు చీర గట్టి ద్రౌపది యగును. చూచువారికి ఆమె ద్రౌపదియే. కల్పిత యంత్రమునందును ఇట్లే ఒక సాఫ్టువేరు మదర్‌బోర్డు వేషమును, హార్డుడిస్కు వేషమును, డిస్కు డ్రైవు వేషమును కట్టును. లోపలి పాత విండోసు తనకు ఎదురైనది నిజమైన యంత్రమేయని నమ్మి పని చేయును. బయటి అసలు యంత్రమును ఆంగ్లమున హోస్టనియు, లోపలిదానిని గెస్టనియు అందురు. మనము గృహయంత్రము, అతిథి అని పిలుచుకొందము.

ఇక ఒక ఉదంతము. పలమనేరు ప్రాంతపు వీధినాటక బృందమున చిరకాలము భాగవతుడుగా నుండిన పెద్దయొకరు, తాము పాడుచు వచ్చిన భారత నాటకముల పాటలను, దరువులను 2004లో చిత్తూరున కూర్పు చేయించిరి. పుస్తకము అచ్చు కాలేదు. పేజ్‌మేకర్ 6.5లో కూర్చిన ఫైళ్లను ఒక డిస్కుపై ఎక్కించి ఆయన చేతికిచ్చిరి. ఆయన గతించిన పిదప కుమారుడు ఆ డిస్కును చిత్తూరులోని మరియొక ముద్రణాలయమునకు తెచ్చెను. వ్రాతప్రతి ఇంటిలో లేదు. తండ్రి నోట నున్నది తండ్రితో పోయినది. మిగిలినది ఈ బిళ్ల ఒక్కటియే.

ముద్రణాలయమునందలి కుర్రవాడు బయటి డ్రైవును కొత్త లాప్‌టాపునకు తగిలించి చూడగా ఫైళ్ల పేర్లు కనబడినవి. తెరుచుటకు మాత్రము నేటి యంత్రముననున్న ఏ సాఫ్టువేరును పనికి రాలేదు. ఆ ఫైళ్లకు పేజ్‌మేకరే కావలెను, పేజ్‌మేకరునకు విండోసు ఎక్స్.పి. కావలెను, తెలుగు అక్షరములకు నాటి ఫాంటుల డిస్కు కావలెను. అదృష్టవశమున ఆ సాఫ్టువేరుల అసలు డిస్కులు ముద్రణాలయపు బీరువాలోనే యుండెను. కుర్రవాడు వర్చువల్‌బాక్సులో ఎక్స్.పి.ని నిలిపెను. లోపల డ్రైవు గుర్తు కనబడినది గాని, దానిని నొక్కినప్పుడెల్ల డిస్కు పెట్టుమనియే జవాబు వచ్చుచుండెను. బయటి డ్రైవులో డిస్కు గిరగిర తిరుగుచునే యున్నది!

ఇట్టి సందర్భమున మొదట చూడవలసినది మిక్కిలి సామాన్యమైనది, అనగా విద్యుత్తు. బయటి సన్నని డ్రైవునకు వేరుగా కరెంటు తీగ యుండదు, యు.ఎస్.బి. ద్వారముననుండియే అది శక్తిని గ్రహించును. రెండవ తరము యు.ఎస్.బి. ద్వారము 500 మిల్లీ ఆంపియరులు ఇచ్చుటకు ఏర్పడినది. మూడవ తరము ద్వారము 900 ఇచ్చును. డిస్కును నిశ్చల స్థితినుండి వేగమునకు తెచ్చు క్షణమున కొన్ని డ్రైవులు 500కు మించి కోరును. అది అందనిచో టిక్కు టిక్కుమని శబ్దము చేసి, ఒకమారు కనబడి ఒకమారు మాయమగును. జనులు దీనిని సాఫ్టువేరు దోషమని భ్రమించి గంటల కాలము వ్యర్థపుచ్చుదురు. కావున డ్రైవును నలుగురు పంచుకొను హబ్బునకు తగిలింపక, యంత్రపు ద్వారమునకే తగిలింపవలెను. డ్రైవుతో రెండు తలల తీగ వచ్చినచో రెండు తలలను తగిలింపవలెను. ఆ రెండవ తల అలంకారమునకు పెట్టినది కాదు. గృహయంత్రములో డిస్కు నిలుకడగా చదువబడుచున్నదని తేలిన పిమ్మటనే లోపలి సంగతి ఆలోచింపవలెను.

లోపలికి డ్రైవు నందించుటకు రెండు మార్గములు కలవు. పెక్కుమంది ఈ రెండింటిని కలగలిపి చిక్కుపడుదురు.

మొదటిది వేషపు మార్గము. డ్రైవు గృహయంత్రము అధీనముననే యుండును. అందలి బిళ్లను మాత్రము అతిథికి చూపుదుము. వర్చువల్‌బాక్సులో స్టోరేజి యను విభాగమున అతిథికి ఒక కల్పిత డ్రైవు నమర్చి, దానికి మూలముగా గృహయంత్రపు డ్రైవును ఎంచవలెను. మన కుర్రవాని విషయమున కల్పిత డ్రైవు అమరియే యున్నది గాని, దాని వెనుక ఏదియు ఎంపిక కాక ఖాళీగా నుండెను. డిస్కు పెట్టుమని అతిథి కోరుట న్యాయమే. డివైసెస్ అను పట్టికలో ఆప్టికల్ డ్రైవ్స్ క్రింద బయటి డ్రైవు పేరును ఎంచినంతనే బిళ్ల లోపల కనబడినది.

ఈ మార్గమున ఒక సొగసు కలదు. అతిథి కంటికి కనబడునది ఐ.డి.ఇ. తీగతో పెట్టె లోపల బిగించిన పాతకాలపు డ్రైవు. వాస్తవమున అది యు.ఎస్.బి. డ్రైవని దానికి తెలియదు, తెలియనక్కరయు లేదు. విండోసు 98కి యు.ఎస్.బి. డిస్కు డ్రైవుల పరిచయము స్వతహాగా లేదు. అట్టి వృద్ధ అతిథికి సైతము ఈ వేషము వలన నిన్నటి డ్రైవు అందును. ఎక్స్.పి.కి గూడ కల్పిత డ్రైవును ఐ.డి.ఇ.పై పెట్టుటయే మేలు. తరువాత వచ్చిన ఎ.హెచ్.సి.ఐ. పద్ధతికి కావలసిన డ్రైవరు దానికి పుట్టుకతో రాలేదు. ఇందే పాస్‌త్రూ అను మరియొక గడి యుండును. సామాన్యముగా అతిథికి చదువుటకే అనుమతి. డిస్కుపై వ్రాయవలసినపుడును, గుప్తలేఖనము గల వీడియో డిస్కులను చూడవలసినపుడును, అతిథి యాజ్ఞలు అసలు డ్రైవునకు నేరుగా చేరుటకు ఆ గడిలో గుర్తు పెట్టవలెను. ఫైళ్లను చదువుటకు దానితో పని లేదు.

రెండవది అప్పగింత మార్గము. ఇందు వేషము లేదు. యు.ఎస్.బి. పరికరమునే గృహయంత్రము నుండి తీసి అతిథికి అప్పగింతుము. అప్పగించిన క్షణమున గృహయంత్రపు పట్టికనుండి డ్రైవు అదృశ్యమగును. దానిని చూచి డ్రైవు చెడిపోయెనని కంగారు పడనక్కరలేదు. ఒక ఒరలో రెండు కత్తు లిమడవన్నట్లు, ఒక డ్రైవును ఇద్దరు ఒకేసారి ఏలజాలరు. అప్పగింతకు ముందు గృహయంత్రములో ఆ డిస్కు కిటికీలు తెరచియుండరాదు. లినక్సు గృహయంత్రమైనచో డిస్కును అన్‌మౌంట్ చేయవలెను. మరియు వాడుకరి పేరు వి.బాక్సుయూజర్స్ అను సమూహమున చేరియుండవలెను. చేరనిచో యు.ఎస్.బి. పట్టిక ఖాళీగా కనబడును. సమూహమున చేర్చిన పిమ్మట ఒకమారు లాగవుటై మరల ప్రవేశించినగాని ఆ చేరిక ఫలింపదు.

ఈ మార్గమున అతిథికి యు.ఎస్.బి. తెలిసియుండవలెను, ఏ తరము తెలియునో మనకును తెలిసియుండవలెను. ఎక్స్.పి. రెండవ తరమును తన సర్వీసుప్యాకులతో ఎరుగును. మూడవ తరమును ఎరుగదు. కావున అతిథికి రెండవ తరపు కంట్రోలరునే అమర్చవలెను. మొదటి తరమును అమర్చినను పని జరుగును గాని, సెకనుకు 12 మెగాబిట్ల వేగముతో నత్తనడకయే. వర్చువల్‌బాక్సు 7.0కు పూర్వపు ప్రతులలో రెండవ, మూడవ తరముల కంట్రోలరులకు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అను అనుబంధమును వేరుగా చేర్చవలసి యుండెను. 2022లో వెలువడిన 7.0 నుండి అవి మూలములోనే కలిసినవి. మాటిమాటికి అప్పగించు శ్రమ లేకుండ ఫిల్టరును వ్రాసియుంచినచో, డ్రైవును తగిలించినంతనే అతిథి దానిని గ్రహించును. ఫిల్టరు వ్రాసిన పిమ్మట ఒకమారు తీగను ఊడదీసి మరల తగిలించుట మరువరాదు. తగిలించు క్షణముననే అది పనిచేయును.

ఈ రెంటిలో ఏది మేలని యడిగినచో, పాత సిస్టములకు మొదటిదే మేలని నా అభిప్రాయము. రెండవది శ్రమ యెక్కువ, లాభము తక్కువ. సాఫ్టువేరు నిజమైన డ్రైవును స్వయముగా పరీక్షింపగోరినప్పుడు మాత్రమే దాని అవసరము.

అయితే రెంటికంటెను మేలైన మూడవ దారి యొకటి కలదు. డ్రైవును లోపలికి పంపు ప్రయాసయే లేకుండ, డిస్కునంతటిని ఒక్కమారు గృహయంత్రములో ప్రతిరూపముగా తీసి, ఆ ప్రతిరూపమునే అతిథికి చూపుట. దీనిని ఐ.ఎస్.ఓ. ఫైలందురు, డిస్కులపై ఫైళ్ల అమరికకు 1988లో ఏర్పడిన ఐ.ఎస్.ఓ. 9660 ప్రమాణమును బట్టి ఆ పేరు. కాంపాక్టు డిస్కు దత్తాంశమంతయు 2048 బైట్ల ఖండములుగా నుండును. ఆ ఖండములను వరుసగా చదివి ఒకే ఫైలుగా వ్రాసిన చాలును. అది 700 మెగాబైట్లకు అటు ఇటుగా ముగియును. అతిథి దృష్టిలో ప్రతిరూపమునకును నిజమైన డిస్కునకును భేదము లేదు. మైక్రోసాఫ్టువారి హైపర్-విలో రెండవ తరము కల్పిత యంత్రములు నిజమైన డిస్కు డ్రైవును స్వీకరింపనే స్వీకరింపవు, ప్రతిరూపములనే స్వీకరించును.

భాగవతుని డిస్కు విషయమున ఈ మూడవ దారియే ఆదుకొన్నది. సాఫ్టువేరుల డిస్కులు వేషపు మార్గమున చక్కగా చదువబడినవి. పాటల డిస్కు మాత్రము సగము దూరము పోయి నిలిచిపోవుచుండెను. అతిథి లోపలినుండి చదువునపుడు ఒక ఖండము చెడినంతనే విండోసు మొత్తము ఫైలునే విడిచిపెట్టును. కుర్రవాడు డిస్కును మరల మరల పెట్టి ప్రయత్నించుట మాని, లినక్సులో డి.డి. రెస్క్యూ అను పనిముట్టును వాడెను. అది బాగున్న ఖండముల నన్నిటిని ముందు చదివి భద్రపరచును. చెడ్డ చోటులను ఒక పటములో గుర్తించుకొని, తరువాత తీరికగా మరల మరల వెనుకకు వచ్చి ప్రయత్నించును. కరెంటు పోయినను పటమును బట్టి విడిచిన చోటినుండియే సాగించును. మన ఊళ్లలో ఇది చిన్న సౌకర్యము కాదు. రాత్రియంతయు నడిచిన పిమ్మట కొలది ఖండములు తప్ప తక్కినది దక్కినది.

ప్రతిరూపమునకు లొంగని డిస్కులు కొన్ని కలవు. పాటల ఆడియో డిస్కులలో ఫైళ్లే యుండవు, వానికి ఐ.ఎస్.ఓ. చాలదు, వేరు విధముగా తీయవలెను. నకలు చేయరాదని ఉద్దేశపూర్వకముగా తప్పు ఖండములు పెట్టిన సాఫ్టువేరు డిస్కులు కూడ ప్రతిరూపమును చూచి మోసపోవు. అట్టివానికి అసలు డ్రైవును అందింపక తప్పదు.

డిస్కు ఏల చెడినదని ఆ కుమారుడు వాపోయెను. ఇంటిలో వ్రాసిన డిస్కులలో సమాచారము ఒక సేంద్రియ వర్ణద్రవ్యపు పొరలో నుండును. ఎండకు, వేడికి అది క్రమముగా వివర్ణమగును. రాయలసీమ వేసవిలో కిటికీ ప్రక్క అరలో నుంచిన డిస్కు గతి ఊహింపదగినదే. మరియొక సంగతి చాలమందికి తెలియదు. కాంపాక్టు డిస్కునకు మెరయు క్రిందిభాగమే సుకుమారమని తలంతురు. క్రింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రక్షణ కలదు. పేరు వ్రాయు పైభాగమున లోహపు పొరపై లక్క వంటి పలుచని పూత మాత్రమే యుండును. అచ్చట బాల్‌పెన్నుతో నొక్కి వ్రాసినచో, అంటించిన చీటీని పెరికినచో, లోపలి పొర చిట్లును. డి.వి.డి.లో ఆ పొర రెండు పలకల నడుమ నుండును గాన ఈ భయము తక్కువ.

ఈ సందర్భమున మన ప్రాంతపు మనుష్యునొకని స్మరింపవలసి యున్నది. కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిరి. 2022 జిల్లాల పునర్విభజనలో ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. పది లక్షల గ్రంథములను కంప్యూటరులోని కెక్కించు పథకమునకు వారు మూలపురుషులలో నొకరు. ఆ పథకము కాగితముపై నున్న గ్రంథములను రక్షించుటకు ఉద్దేశింపబడినది. కాగితముపై కెన్నడును రాక డిస్కుపైననే పుట్టి డిస్కుపైననే నిలిచిపోయిన కూర్పులు అట్టి పథకములకు అందవు. వానిని ముద్రణాలయములలోని కుర్రవాండ్రే, ఇండ్లలోని వారే వెదకి తీయవలసి యున్నది.

కల్పిత యంత్రములో ఎక్స్.పి.ని నడుపువారికి ఒక హెచ్చరిక. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్టువారి రక్షణ ముగిసినది. అతిథికి ఇంటర్నెట్టు సంబంధమును తొలగించియే యుంచవలెను. ఫైళ్ల మార్పిడికి గృహయంత్రముతో పంచుకొను ఫోల్డరు చాలును.

పాటల ఫైళ్లు తెరచుకొన్న పిదపను పని ముగియలేదు. నాటి కూర్పు ఫాంటులలో తెలుగక్షరము ఆంగ్లాక్షరపు స్థానమున కూర్చుండెడిది. ఆ ఫాంటు లేనిచోట పద్యమంతయు అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. యూనికోడ్ పట్టికలో తెలుగునకు ప్రత్యేక స్థానము 1991లోనే ఏర్పడినను, ముద్రణాలయములు చాలకాలము పాత పద్ధతినే పాటించినవి. కావున అక్షరములను యూనికోడులోనికి మార్చి, ఒత్తులు, గుణింతములు సరిచూడవలసి వచ్చినది. నూటికి పైగా పుటలు దక్కినవి. దుర్యోధన వధ ఘట్టమున రెండు దరువుల చరణములు మాత్రము చెడిన ఖండములలో పోయినవి. ఆ బృందమున భీముని వేషము కట్టిన వృద్ధుడొకడు బంగారుపాళెము దగ్గర నున్నాడని విని కుమారుడు అక్కడికి పోయెను. వృద్ధుడు కూర్చుండి పాడలేకపోయెను. లేచి నిలిచి, గద వలె చేతికఱ్ఱ పట్టి అడుగు వేయగా చరణములు రెండును వచ్చినవి. కుమారుడు ఈమారు వానిని కాగితముపై వ్రాసికొనెను.